ఇంటి మీదుగా గోధుమరంగు గీత

ఆ ఉదయం పటాలమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదికల్లా గ్రంథాలయానికి చేరాలి. సొరుగుల మీద దుమ్ము తుడవాలి. ఊరి పటం తీసి బల్ల మీద పరవాలి. పదకొండింటికి వచ్చే తనిఖీ అధికారితో కళ్ళనీళ్ళు పెట్టుకోకుండా పది నిమిషాలు మాట్లాడాలి. ఆ చివరిదే కష్టం.

పటాలమ్మ అన్నది ఆమె అసలు పేరు కాదు. గ్రంథాలయం కింది అంతస్తులోని పటాల గదిని పంతొమ్మిదేళ్ళుగా కంటికి రెప్పలా చూసుకుంటున్నందుకు తోటి ఉద్యోగులు పెట్టిన పేరు. ఏడాదికి వందమంది కూడా రాని గదుల్ని మూసేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ ఏడాదికి ఇదే ఆఖరి రోజు. ఆమె రిజిస్టర్లో ముప్పైఏడు సంతకాలున్నాయి. అందులో పదకొండుమంది మరుగుదొడ్డి ఎటు అని అడగడానికి వచ్చినవాళ్ళు. పటాలమ్మ ఒట్టి అమాయకురాలు, పైగా నిజాయితీపరురాలు. "వచ్చిన పని" అన్న గడిలో వాళ్ళచేత "దారి తెలుసుకొనుటకు" అని రాయించింది.

గది మూతపడితే పటాలు వాన కారే గోదాములోకి పోతాయి, ఆమె కవర్ల మీద ముద్రలు కొట్టే విభాగంలోకి పోతుంది. ముద్రలు కొట్టడానికి ఆమెకేం నామోషీ లేదు. ఆ పటాలు తడుస్తాయన్న మాటే మింగుడుపడటం లేదు.

"ఈ రోజుల్లో ఆ కాగితాలు ఎవరు చూస్తారే? దారి కావాలంటే ఫోనే చెప్తోందిగా," అంది అత్తగారు, క్యారియర్ మూత బిగిస్తూ.

"ఫోను దారి చెప్తుంది అత్తయ్యా. ఎత్తుపల్లాలు చెప్పదు."

"ఎత్తుపల్లాలు చెప్పడానికి నా మోకాళ్ళు లేవూ?"

అత్తగారితో వాదించి గెలిచినవాళ్ళు ఆ ఇంట్లో ఇంతవరకు పుట్టలేదు. పటాలమ్మ నిట్టూర్చి బస్సెక్కింది. క్యారియర్ వంటింటి గట్టు మీదే ఉండిపోయింది.

గ్రంథాలయంలో పటం వెతకడమంటే పుస్తకం వెతికినట్టు కాదు. ముందు గోడకున్న సూచిక పటం చూడాలి. అందులో ప్రాంతమంతా గళ్ళుగళ్ళుగా ఉంటుంది, ఒక్కో గడికీ ఒక్కో నంబరు. ఆ నంబరు పట్టుకుని ఇనుప బీరువాల్లోని వెడల్పాటి సొరుగుల దగ్గరికి వెళ్ళాలి. ఊరి పటం మూడో బీరువా ఐదో సొరుగులో ఉండాలి. లేదు! పటాలమ్మ బీరువాలన్నీ కిందా మీదా చేసి, చివరికి ఆరో సొరుగులో పట్టుకుంది. తప్పు సొరుగులో పెట్టిన మహానుభావురాలు తనే. ఎవరూ చూడలేదు కాబట్టి తనను తాను క్షమించేసుకుని, పటాన్ని బల్ల మీద పరిచి నాలుగు మూలలా బరువులు పెట్టింది.

పదింటికి అత్తగారు క్యారియర్‌తో దిగింది.

"అన్నం మర్చిపోయి పటాలు చూస్తావా? సరేలే. ఇంతకీ ఇందులో మన ఇల్లేదీ?"

పంతొమ్మిదేళ్ళలో అత్తగారు ఈ మాట అడగడం ఇదే మొదటిసారి. పటాలమ్మ పొంగిపోయింది. పటం మీద పెన్ను పెట్టకూడదు కాబట్టి, సరిగ్గా తమ వీధి ఉన్నచోట ఒక చొక్కా గుండీ పెట్టి భూతద్దం చేతికిచ్చింది. అంతలో బల్ల మీది ఫోను మోగింది. గ్రంథాలయం పెద్దసారు రిజిస్టర్ నకలు పట్టుకుని వెంటనే పైకి రమ్మన్నాడు.

"ఒక్క నిమిషం కూర్చోండత్తయ్యా, వచ్చి అన్నీ చెప్తా," అని పటాలమ్మ మెట్లెక్కింది.

ఆ ఒక్క నిమిషం అరగంటయింది. ఈలోగా అత్తగారు భూతద్దంలోంచి చూస్తే, తమ ఇంటి నడినెత్తి మీదుగా మెలికలు తిరుగుతూ ఒక గోధుమరంగు గీత పోతోంది. గీత మీద 540 అని అంకె. పక్కన ఇంకో గీత, 550. ఆ పైన 560. నిజానికవి ఎత్తు గీతలు, ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ గీసినవి. ఆ సంగతి చెప్పాల్సిన మనిషి పై అంతస్తులో ఉంది. అత్తగారు తన బుర్రకు తోచినట్టు లెక్క వేసుకుని, పక్కింటావిడకు ఫోను చేసింది.

"వదినా, కొంప మునిగింది! మన వీధి మీదుగా రోడ్డు వేస్తున్నారు. ఐదొందల నలభై అడుగుల వెడల్పు! ఇక్కడ గ్రంథాలయం పటంలో నా కళ్ళతో చూశాను, నంబరుతో సహా!"

పక్కింటావిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడ దర్జీకి చెప్పింది, దర్జీ షాపులో కూర్చున్న అందరికీ చెప్పాడు. దర్జీ చెప్పేసరికి రోడ్డు ఆరొందల అడుగులై, మధ్యలో వంతెన కూడా మొలిచింది.

పటాలమ్మ కిందికి దిగేసరికి మెట్ల మీద ఇసుక వేస్తే రాలనంత జనం.

"మేడమ్, మా ఇల్లు ఎక్కడుందో చూపించండి!"

"మా మేడ పోతోందా, ఉంటోందా? అదొక్కటి చెప్పండి చాలు!"

"అది రోడ్డు కాదండీ. ఎత్తు గీత. ఆ గీత పొడుగునా నేల ఒకే ఎత్తులో ఉంటుంది."

"ఒకే ఎత్తేంటమ్మా? మాది రెండంతస్తులు, పక్కవాళ్ళది పెంకుటిల్లు!" అన్నాడు దర్జీ.

పటాలమ్మకు ఏడుపొచ్చినంత పనయింది. అయినా పంతొమ్మిదేళ్ళ అలవాటు ఊరుకుంటుందా? "ముందు రిజిస్టర్లో సంతకం పెట్టండి. వచ్చిన పని కూడా రాయాలి. వరసలో రండి," అంది. జనం వరసలో వచ్చారు, సంతకాలు పెట్టారు. వచ్చిన పని గడిలో "ఇల్లు కాపాడుకొనుటకు" అని ఒకరు రాస్తే, వెనకున్నవాళ్ళంతా "పైదే" అని రాశారు.

సరిగ్గా పదకొండింటికి తనిఖీ అధికారి చంకలో ఫైలుతో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, ఫైలు చూడగానే జనం ఆయన్ని చుట్టుముట్టారు.

"వచ్చాడండీ రోడ్డాయన! ఎన్ని ఇళ్ళు కొడతారు సార్?"

"నేను ఇళ్ళు కొట్టడానికి రాలేదయ్యా బాబూ! ఈ గది మూసేయడానికి వచ్చాను," అన్నాడాయన, నలిగిపోయిన చొక్కా సవరించుకుంటూ.

ఆ మాటతో గది దద్దరిల్లింది.

"చూశారా! పటాలు మనకి కనబడకుండా దాచేస్తున్నారు!"

"గది మూస్తే ఊరుకునేది లేదు! ఇక్కడే కూర్చుంటాం!" అంటూ అత్తగారు అందరికంటే ముందు కూర్చుంది, నేల మీద కాదు, మోకాళ్ళ నొప్పి కాబట్టి కుర్చీలో.

ఇక లాభం లేదనుకుంది పటాలమ్మ. ఆమె గొంతు పెంచడం ఆ గదిలో ఎవరూ ఎన్నడూ వినలేదు. "అందరూ నిశ్శబ్దం! సార్, మీ పిడికిలి బిగించి ఇలా ఇవ్వండి!"

బెదిరిపోయిన అధికారి పిడికిలి ఇచ్చాడు. ఆమె పెన్ను తీసి, ఆయన వేళ్ళ కణుపుల చుట్టూ ఒక సున్నా, దాని కింద ఇంకొకటి, ఆ కింద మరొకటి గీసింది. "ఇది కొండ. ఈ గీత మీద ఎక్కడ నిలబడ్డా ఒకటే ఎత్తు. ఇప్పుడు చెయ్యి చాపండి సార్." పిడికిలి విప్పగానే సున్నాలు చదునుగా పరుచుకున్నాయి, అచ్చం బల్ల మీది పటంలాగే. "ఆ అంకె సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తో చెప్తుంది. అంతే! రోడ్డూ లేదు, వంతెనా లేదు, ఎవరి ఇల్లూ పోదు!"

అందరూ అత్తగారి వైపు తిరిగారు. అత్తగారు క్యారియర్ వైపు తిరిగింది.

జనం ఇక వెళ్ళిపోతారనగా, దర్జీ మాత్రం పటం మీద వంగి కదలకుండా నిలబడ్డాడు. "మేడమ్, నీళ్ళు ఐదొందల యాభై నుంచి ఐదొందల నలభైకి పోతాయి కదా?"

"అవును, పల్లానికే పోతాయి."

"మరి కొత్త కాలనీ నుంచి కాలువ పైవీధికి తవ్వారే? ఇదిగో, కాలనీ నలభైలో ఉంది, పైవీధి యాభైలో ఉంది. నీళ్ళు కొండెక్కుతాయా?"

గదంతా బల్ల మీదికి వంగింది. భూతద్దం చేతులు మారింది. కాలువ ఎటు తవ్వితే నీళ్ళు పోతాయో పటాలమ్మ వేలితో చూపిస్తుంటే, వెనకనుంచి సన్నని గొంతు వినిపించింది.

"నా ఇల్లు ఆ కాలనీలోనే," అన్నాడు తనిఖీ అధికారి. "వానొస్తే చాలు, నీళ్ళన్నీ మా ముందుగదిలోనే. గడప మూడుసార్లు ఎత్తు చేయించాను. ఇంజనీర్లని అడిగాను, మేస్త్రీలని అడిగాను. మా ఆవిడైతే అది నా జాతకం అంది." ఆయన ముఖంలో కోపమూ ఆనందమూ ఒకేసారి కనిపించాయి. "ఈ పటం నకలు ఒకటి ఇప్పిస్తారా అమ్మా?"

"తప్పకుండా ఇస్తాను సార్. ముందు రిజిస్టర్లో సంతకం పెట్టండి."

ఆయన సంతకం పెట్టాడు. నూట పద్నాలుగోది. ఆ వరస సంఖ్య ఒకసారి చూశాడు, చేతి మీది సున్నాలు ఒకసారి చూశాడు, చంకలోని ఫైలు తీసి గది మూసివేత కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. జనం చప్పట్లు కొట్టారు. కళ్ళనీళ్ళు పెట్టుకోకూడదన్న పథకాన్ని పటాలమ్మ అక్కడికక్కడే వదిలేసుకుని, హాయిగా ఏడ్చింది.

"ఏడుపెందుకే పిచ్చిదానా? నేను రాకపోతే ఏమయ్యుండేది?" అంది అత్తగారు, ఆమె వీపు నిమురుతూ. ఈసారి వాదించడానికి నిజంగానే ఏమీ లేదు.

వారం తిరక్కుండా కాలువ ఇంజనీరు స్వయంగా వచ్చి, తలవంచుకుని సంతకం పెట్టి, ఊరి పటం ముందు గంటసేపు కూర్చున్నాడు. ఏడాది నివేదికలో "పాఠకుల సంఖ్య పెరుగుటకు కారణము" అన్న గడి దగ్గర పటాలమ్మ చాలాసేపు ఆలోచించి, నిజాయితీపరురాలు కాబట్టి, ఒకే ఒక్క మాట రాసింది: అత్తగారు.