పది సెకన్లకు పదిహేను నిమిషాలు

మనిషి ఎంత వేగంగా పరిగెత్తినప్పటికీ, ఆ పరుగు పోర్టల్‌లోకి ఎక్కేంతవరకు అతను నిలబడి ఉన్నట్టే పరిగణించవలెనని ట్రినిటీ బెండ్ యూనివర్సిటీ క్రీడా నిబంధనావళి నాలుగో అధ్యాయం విస్పష్టంగా చెబుతోంది. మొదటి మూడు అధ్యాయాలు పార్కింగ్‌కు సంబంధించినవి.

ఎఫోసా ఒమొరుయి ఆ పుస్తకం చదవలేదు. అతని దృష్టి ఎంతసేపూ పరుగు మీదే. నైజీరియాలోని బెనిన్ సిటీలో ఒక రోజు బస్సు తప్పిపోతే, దాని వెంట పరిగెత్తి, దాన్ని దాటిపోయి, తరవాతి స్టాపులో దాని కోసం కూర్చున్నాడు. ఆ వీడియో చూసిన టెక్సస్ కోచ్ ఒకాయన అతనికి స్కాలర్‌షిప్ ఇప్పించి రప్పించాడు. ఇప్పుడతనికి ఇరవై ఏళ్ళు. ఈ మార్చిలో వంద మీటర్లు పది పాయింట్ పదకొండు సెకన్లలో పరిగెత్తాడు. స్కాలర్‌షిప్‌కు షరతు ఒక్కటే: ఏటా యూనివర్సిటీల మధ్య జరిగే కాన్ఫరెన్స్ పోటీల ఫైనల్‌లో పరిగెత్తాలి. పరిగెత్తకపోతే స్కాలర్‌షిప్ లేదు, స్కాలర్‌షిప్ లేకపోతే వీసాకు ఆధారమైన ఐ-ట్వంటీ కాగితం లేదు, ఐ-ట్వంటీ లేకపోతే ఏముంటుందో తెలుగు పాఠకులకు విడమరచి చెప్పడం వాళ్ళను అవమానించడమే.

పూజితది ఖమ్మం. డేటా ఎనలిటిక్స్‌లో మాస్టర్స్ చేస్తూ, క్రీడల నిబంధనల ఆఫీసులో వారానికి ఇరవై గంటలు పనిచేస్తోంది. అమెరికన్ విద్యార్థుల టైములు స్టేడియం గడియారం నుంచి నేరుగా కాన్ఫరెన్స్‌కు వెళ్ళిపోతాయి. విదేశీ విద్యార్థి మాత్రం తుమ్మినా దగ్గినా ముందు పోర్టల్‌లోకి వెళ్ళి, అక్కణ్ణుంచి (వీసా అనే సున్నితమైన పదార్థం పాడవకుండా) బయటికి రావాలి. ఆ ఎక్కించే పని పూజితది.

మార్చి పరుగును ఆమె పద్ధతిగానే ఎక్కించింది. మొదలు: మధ్యాహ్నం రెండు పది. ముగింపు: రెండు పది. పోర్టల్ ఎర్రబడింది. మొదలు, ముగింపు ఒకటే అయితే పని జరగనట్టే అంది. రెండు పదకొండు అని కొట్టింది. అలాంటి సమయం లేదంది. కిందున్న జాబితాలో రెండు పది తరవాత ఉన్నది రెండు పాతిక. పూజిత అదే నొక్కింది. పచ్చ టిక్కు పడింది. ఆఫీసులో అందరూ ఎంతో సంతోషించారు.

ఏప్రిల్‌లో ఎఫోసాకు మెయిల్ వచ్చింది. వంద మీటర్ల పరుగులో మీ అధికారిక సమయం పదిహేను నిమిషాలు, ఫైనల్‌కు అర్హత పది పాయింట్ ఇరవై ఐదు సెకన్లు, మీ పట్టుదలను అభినందిస్తున్నాం అని అందులో ఉంది. దానితోపాటు ఉచితంగా నడక శిక్షణ కూడా మంజూరైంది. మంగళ, గురువారాల్లో ఉదయం ఏడింటికి రిటైరైన ప్రొఫెసర్లతో కలిసి చెరువు చుట్టూ నడవాలి. రాకపోతే గైరుహాజరు పోర్టల్‌లోకి ఎక్కుతుంది కనుక ఎఫోసా వెళ్ళాడు. మొదటివారం నివేదికలో శిక్షకురాలు 'మంచి పురోగతి ఉంది, మిగతావాళ్ళ కోసం ఆగడం నేర్చుకోవాలి' అని రాసింది.

రెండో గురువారం అతను నేరుగా ఆఫీసుకు వచ్చి పూజిత ముందు ఫోన్ పెట్టాడు. కోపం లేదు, గొంతు పెంచలేదు. కొత్త చోట దారి అడిగినట్టు అడిగాడు.

"సిస్టర్, నేను నిజంగా పదిహేను నిమిషాలు పరిగెత్తానా?"

ఆ రెండు పాతిక నొక్కిన వేలు తనదే. తప్పు నాదేనని పూజిత అప్పటికప్పుడు ఒప్పుకుని, అతన్ని వెంటబెట్టుకుని లోపలి గదికి నడిచింది.

లోపలి గదిలో ఉండేది వాండా హోల్‌కోంబ్, లెక్కించదగిన కార్యకలాపాల అసోసియేట్ వైస్ డైరెక్టర్. బల్ల మీద కాగితాలకంటే టిష్యూలే ఎక్కువ ఉండేంత దయగల మనిషి. ఆవిడ అంతా విని ఎంతో బాధపడింది. నిజానికి మార్చి పరుగు రోజున ఆవిడ స్టేడియంలోనే ఉంది, గొంతు పోయేలా అరిచింది కూడా. కానీ ప్రేక్షకురాలిగా చూసినదాన్ని అధికారిగా నమ్మడం నిబంధనలకు విరుద్ధం. పైగా పచ్చ టిక్కు పడ్డ సమయాన్ని తగ్గించడమంటే విద్యార్థి పనిగంటలు దొంగిలించడమే అవుతుంది. మీ హక్కుల్ని మేం కాపాడతామని ఆవిడ ఎఫోసాకు హామీ ఇచ్చి, ఒక టిష్యూ కూడా ఇచ్చింది.

ఇక మిగిలింది పోర్టల్ కంపెనీ సపోర్ట్ నంబరు. పూజిత ఫోన్ చేస్తే అవతల ఎత్తినాయన "దిస్ ఈజ్ గోపాల్, హౌ మే ఐ హెల్ప్ యూ" అన్నాడు. ఆ 'హెల్ప్ యూ'లోని యాస వినగానే పూజిత తెలుగులోకి దిగిపోయింది. ఆయనది ఏలూరు, ఉండేది ప్లేనో, పిల్లలిద్దరూ హైస్కూల్. ఖమ్మంలో ఎక్కడ, చదువయ్యాక ఉద్యోగానికి ఓపీటీ అప్లై చేశావా అన్న రెండు ప్రశ్నలూ అయ్యాకే ఆయన సమస్యలోకి వచ్చాడు.

"సెకన్లు అనే ఫీల్డే లేదమ్మా అందులో. అది కన్సల్టెన్సీల టైమ్‌షీట్ కదా. పైన రంగు మార్చి యూనివర్సిటీలకు ఇచ్చారు. మినిమమ్ పదిహేను నిమిషాలు."

"మరి మార్చలేరా అంకుల్? పది రోజుల్లో ఫైనల్ ఉంది, పాపం."

మార్చవచ్చు. రిక్వెస్టు పెట్టాలి, మూడు ఆమోదాలు, టెస్టింగ్, తొమ్మిది వారాలు. గోపాల్ స్వరం తగ్గించాడు. ఇరవై ఏళ్ళుగా ఈ దేశపు సాఫ్ట్‌వేర్‌ను నిలబెడుతున్న రహస్య విద్య ఆయన గొంతులోకి అప్పుడు వచ్చింది.

"వర్క్‌అరౌండ్ ఒకటుంది. టీం టాస్క్ అని పెట్టు. ఎంతమంది ఉంటే టైమ్ అంతమందికీ సమానంగా పంచేస్తుంది. అక్కడ మటుకు రౌండింగ్ లేదు, మేం మర్చిపోయాం."

పూజిత లెక్క వేసింది. పదిహేను నిమిషాలంటే తొమ్మిది వందల సెకన్లు. దాన్ని ఎనభై తొమ్మిదితో భాగిస్తే పది పాయింట్ పదకొండు. వందో వంతు తేడా కూడా లేదు. ఎఫోసా కాక ఇంకో ఎనభై ఎనిమిది మంది విదేశీ విద్యార్థులు కావాలి.

క్యాంపస్ తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో మూడు వందల మంది ఉన్నారు. పాత పరుపులు, ఎయిర్‌పోర్ట్ రైడ్‌లు, ఆవకాయ సీసాలు చేతులు మారేది అక్కడే. పూజిత 'అర్జెంట్, స్టూడెంట్ ఐడీలు కావాలి, పనేమీ ఉండదు' అని పెట్టింది. నాలుగు నిమిషాల్లో నలభై వచ్చాయి. ఒక్కరూ ఎందుకని అడగలేదు. (మనవాళ్ళు ఫారం దేనికని అడగరు, డెడ్‌లైన్ ఎప్పుడని అడుగుతారు.) అరగంటలో ఎనభై ఎనిమిదీ నిండాయి. ఆ తరవాత వినీత్ అనే కుర్రాడు నన్నూ వేసుకోమని పట్టుబట్టాడు. అతన్ని కూడా కలిపితే పరుగు సరిగ్గా పది సెకన్లకు దిగుతుంది. పూజిత ససేమిరా అంది. ఎఫోసా పరిగెత్తింది పది పాయింట్ పదకొండు. అంతకు తగ్గిస్తే మోసం అవుతుంది.

పచ్చ టిక్కు పడింది. ఆ సాయంత్రం పూజిత అపార్ట్‌మెంట్‌లో బిర్యానీ చేసుకున్నారు. ఎఫోసా మూడుసార్లు వడ్డించుకుని, మా జొలోఫ్ అన్నం దీనికంటే బాగుంటుందని ప్రకటించాడు. గదిలో ఉన్న పదిహేడు మందీ ఏకకంఠంతో ఖండించారు. అందరూ నవ్వినంతసేపు నవ్వి, ఫైనల్ రోజున ఏ రంగు బట్టల్లో వెళ్ళి అరవాలో కూడా తేల్చుకున్నారు.

మర్నాడు ఉదయం ఎనభై తొమ్మిది మందికీ మెయిళ్ళు వచ్చాయి. అందరూ ఫైనల్‌కు అర్హులే. అందరిదీ ఒకటే టైము. కాన్ఫరెన్స్‌లో ఇంకెవరికీ అంత మంచి టైము లేదు కనుక ఫైనల్‌లోని వరుసలన్నీ ట్రినిటీ బెండ్‌వే, కానీ ఆ వరుసలు ఎనిమిదే. సమయాలు సమానమైనప్పుడు ఏం చేయాలో నిబంధనావళి ముందే ఆలోచించి పెట్టింది: క్రీడాకారుడు ప్రథమంగా విద్యార్థి, కనుక జీపీఏ ప్రకారం ఎంపిక చేయవలెను.

ఎఫోసా జీపీఏ మూడు పాయింట్ నాలుగు. రోజుకు ఐదు గంటలు పరిగెత్తే కుర్రాడికి అది తక్కువేం కాదు. కానీ మిగతా ఎనభై ఎనిమిది మందీ మాస్టర్స్ చేస్తున్న తెలుగు పిల్లలు. వాళ్ళలో ముప్ఫై ఒక్కరికి నాలుగుకు నాలుగు, అందరికంటే తక్కువ వచ్చినవాడికి మూడు పాయింట్ ఆరు (అతను ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు). ఆ ముప్ఫై ఒక్కరిలోంచి చీటీలు వేసి ఎనిమిది మందిని తీశారు. జాబితాలో ఎఫోసాది ఎనభై తొమ్మిదో స్థానం.

తప్పుకుంటామని అందరూ ముందుకొచ్చారు. అయితే తప్పుకోవడానికి వాండా గదిలో స్వయంగా సంతకం చేయాలి, రోజుకు ఇద్దరికే అపాయింట్‌మెంట్. పైగా తప్పుకున్న ప్రతి ఒక్కరి పేరు ఎదుటా 'అనుమతించిన కార్యకలాపాన్ని విడిచిపెట్టెను' అని పోర్టల్ రాసుకుంటుంది. మే నెలలో ఓపీటీకి అప్లై చేయబోయేవాళ్ళు ఆ వాక్యాన్ని రెండోసారి చదువుకున్నారు. అప్పుడు ఎఫోసాయే వద్దన్నాడు. ఒక్కడి కోసం ఇంతమంది ఇంటి ముఖం పట్టడం ఏం బాగుంటుందన్నాడు. ఆ ఎనిమిది మందినీ మర్నాటి నుంచి గ్రౌండుకు రమ్మన్నాడు.

వాళ్ళకు అతను వారం రోజులు నేర్పాడు. పరుగు మొదలుపెట్టే బ్లాకుల్లో కాళ్ళు ఎలా పెట్టాలో, తుపాకీ పేలితే చెవులు మూసుకోకూడదని, పక్క వరుసవాడికి సారీ చెప్పడానికి ఆగకూడదని. హర్షవర్ధన్ అనే జావా డెవలపర్ మూడో రోజుకే ఇరవై సెకన్లలోపు వచ్చేశాడు.

ఫైనల్ రోజున ఎండ మండిపోతోంది. ఎనిమిది వరుసల్లో ఎనిమిది మంది వంగున్నారు. సహాయకుడి బ్యాడ్జీతో ఎఫోసా వాళ్ళ వెనక నిలబడ్డాడు. తుపాకీ పేలింది. ఎఫోసా కాళ్ళు ఎవరి అనుమతీ అడగలేదు. ట్రాక్ పక్కనున్న గడ్డిలో, ఒంటి మీద బ్యాడ్జీ ఎగురుతుండగా, అతను ఎనిమిది మందినీ దాటి దూసుకుపోయాడు. చూస్తున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. పూజిత తానేం అరుస్తోందో తనకే తెలియకుండా అరిచింది. గడియారం తొమ్మిది పాయింట్ తొంభై ఆరు దగ్గర ఆగింది. అధికారులు ముగ్గురు గుమిగూడి, పాదచారి వల్ల అంతరాయం అని రాసి, ఆ అంకె చెరిపేసి గడియారాన్ని మళ్ళీ నడిపించారు. కాసేపటికి హర్షవర్ధన్ వచ్చి గెలిచాడు.

యూనివర్సిటీ పత్రిక మొదటి పేజీలో ఆ ఎనిమిది మంది ఫొటో వేసింది. పతకం పట్టుకుని హర్షవర్ధన్ ఏడుస్తున్న ఫొటో అది. విజేత భావోద్వేగం అని కింద రాశారు.

ఎఫోసా స్కాలర్‌షిప్ రద్దయింది. వెళ్ళేముందు ఆఫీసులో నాలుగు కాగితాల మీద సంతకాలు పెట్టాడు. వాటిని అందించింది పూజితే. సారీ అనబోయి ఆమె ఏడ్చేసింది.

"నువ్వు పది అని రాయొచ్చు, రాయలేదు. ఈ బిల్డింగ్‌లో నా టైము సరిగ్గా రాసింది నువ్వొక్కదానివే," అన్నాడు ఎఫోసా.

లోపలి గదిలోంచి వాండా టిష్యూ డబ్బాతో సహా బయటికి వచ్చింది. అతని రెండు చేతులూ పట్టుకుంది. ఆవిడ కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి.

"కాస్త చదువు మీద దృష్టి పెట్టి ఉంటే, ఎఫోసా, నువ్వు మంచి రన్నర్‌వి అయ్యేవాడివి."