పది హక్కుల బోర్డు

వాహనదారుల కన్నీళ్లు తుడవాలని వాహన సంక్షేమ మంత్రిగారు ఒక మంగళవారం పొద్దున పదకొండు గంటలకి నిర్ణయించుకున్నారు. పదకొండున్నరకల్లా ఆ సంగతి పత్రికల వాళ్లకి చెప్పేశారు కూడా. ప్రైవేటు పార్కింగు కంపెనీలు జనాన్ని జలగల్లా పీల్చేస్తున్నాయనీ, ఇక వాటి ఆటలు సాగవనీ, వాహనదారులకి ఒకేసారి పది హక్కులు ఇచ్చేస్తున్నామనీ ప్రకటించారు.

"హక్కులు ఫైల్లో ఉంటే ఎవరికి కనిపిస్తాయి? బోర్డు మీద ఉండాలి. బోర్డు పూర్తయిన క్షణం నుంచీ హక్కులు అమల్లోకి వస్తాయి. మొదటి బోర్డు పెద్దాస్పత్రి పక్కనున్న పార్కింగు స్థలంలో శుక్రవారం పదింటికి నేనే ఆవిష్కరిస్తాను" అన్నారు.

ఇంత దూరదృష్టి ఉన్న నాయకుడు తరానికొకరు పుడతారు. మన అదృష్టం బాగుండి మన తరంలోనే పుట్టారు.

ఆ బోర్డు రాసే భాగ్యం ఒక పెయింటరుకి దక్కింది. ముప్పయ్యేళ్లుగా బోర్డులు రాస్తున్నాడు. అతను రాస్తే రోడ్డుకి అవతల నిలబడి కళ్లజోడు లేని ముసలమ్మ కూడా చదివేస్తుందని పేరు. పేరైతే ఉంది గానీ బండి లేదు. నిచ్చెనా, రంగు డబ్బాలూ మొయ్యడానికి బావమరిదిని వ్యాను అడిగాడు.

బావమరిది ఆ పెద్దాస్పత్రి వంటింటికే సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున్నే గుడ్లు వేస్తాడు. వంటింటి తలుపు పార్కింగు స్థలంలోకే తెరుచుకుంటుంది. గుడ్లు దించే ఏడు నిమిషాలకి గంట చార్జీ కట్టీ కట్టీ అతనికి వ్యాపారంలో మిగిలేది గుడ్ల అట్టలే.

"తీసుకుపో బావా! నా హక్కులు రాయడానికి నా వ్యాను ఇవ్వనా?" అన్నాడు. "కానీ శుక్రవారం పొద్దున ఆరింటికి నా గుమ్మం ముందుండాలి. ఈ నెల్లో రెండుసార్లు ఆలస్యం చేశాను. మూడోసారి చేస్తే వంటింటావిడ వేరేవాణ్ని పెట్టుకుంటుంది. నా పొట్ట కొట్టకు."

"నా తల తాకట్టు పెడుతున్నా పోరా" అన్నాడు పెయింటరు.

బుధవారం ఎనిమిదింటికి వ్యాను పార్కింగు స్థలంలో ఆగింది. రేకు బోర్డు అప్పటికే నిలబెట్టి తెల్లరంగు పూసి ఉంది. హక్కుల అధికారి ఫైలు చంకలో పెట్టుకుని వచ్చాడు.

"ముందు మంత్రిగారి బొమ్మ వెయ్యి. తర్వాత పేరు. పేరు అడుగున్నర ఎత్తు. హక్కులు రెండంగుళాలు."

"హక్కులు కాస్త పెద్దవి రాస్తే బాగుంటుందేమో సార్."

"హక్కులు పది ఉన్నాయయ్యా. మంత్రిగారు ఒక్కరే కదా."

పెయింటరు నిచ్చెనెక్కి బొమ్మ మొదలుపెట్టాడు. మీసం ఒక్కటే మధ్యాహ్నం దాకా పట్టింది. ధైర్యం చాల్లేదని ఒకసారీ, ధైర్యం ఎక్కువై దౌర్జన్యంలా ఉందని ఇంకోసారీ దిద్దించారు. పేరు పూర్తిచేసి, పైన 'వాహనదారుల హక్కులు' అని నీలంరంగులో శీర్షిక పెట్టేసరికి సాయంత్రం అయిదైంది. సామాను సర్దుకుని వెనక్కి తిరిగాడు. వ్యాను ముందు చక్రానికి పసుపుపచ్చ తాళం వేలాడుతోంది.

తాళం పక్కన పార్కింగు కంపెనీ మేనేజరు నిలబడి ఉన్నాడు. చొక్కా మీద ఒక్క ముడత లేని మనిషి. మాట కూడా ఇస్త్రీ చేసినట్టే ఉంటుంది.

"ఏంటండీ ఇది?"

"తాళం, మాస్టారూ."

"అది తెలుస్తూనే ఉంది. ఎందుకేశారు?"

"ఎనిమిదింటి నుంచీ నిలిపారు. పార్కింగు రుసుము, ఆలస్య రుసుము, తాళం వేసినందుకు రుసుము, తీసినందుకు రుసుము." చీటీ చేతిలో పెట్టాడు. ఆ అంకె చూస్తే వ్యాను వాళ్లకే వదిలేసి పోవడం నయమనిపించింది పెయింటరుకి.

"నేను సర్కారు బోర్డు రాస్తున్నానండీ! ఆరో హక్కేంటో తెలుసా? చక్రానికి తాళం వెయ్యకూడదు, బండి ఎత్తుకుపోకూడదు."

"గొప్ప హక్కు. ఎక్కడుంది?" మేనేజరు బోర్డు వంక శ్రద్ధగా చూశాడు. బోర్డు మీద మంత్రిగారు నవ్వుతున్నారు. "మాది చట్టానికి కట్టుబడ్డ కంపెనీ మాస్టారూ. మీరు బోర్డు పూర్తిచెయ్యండి. ఆ క్షణమే నా చేత్తో నేనే తాళం తీస్తాను."

మనిషి అబద్ధం చెప్పే రకంలా లేడు. ఆ మాట నమ్మి, అలవాటు ప్రకారం సన్నకుంచె ఒక్కటీ జేబులో పెట్టుకుని, పెయింటరు ఇంటికి వెళ్లాడు.

గురువారం పొద్దున వచ్చేసరికి తాళం లేదు. వ్యానూ లేదు.

"ఎక్కడికీ పోలేదు మాస్టారూ" అన్నాడు మేనేజరు. "గోడ వెనక మా యార్డులో క్షేమంగా ఉంది."

"నా రంగులన్నీ అందులోనే ఉన్నాయండీ. ఇప్పిస్తే రాసేస్తాను."

"తప్పకుండా. యార్డులోకి వెళ్లాలంటే విడుదల చీటీ ఉండాలి."

"చీటీ ఎప్పుడిస్తారు?"

"రుసుము కడితే. లేదా బోర్డు పూర్తయితే."

"రంగుల్లేకుండా బోర్డెలా పూర్తవుతుందండీ?"

"అది మా పరిధిలోకి రాదు" అన్నాడు మేనేజరు. అతని మొహంలో నిజంగానే బాధ కనిపించింది.

పెయింటరు హక్కుల కార్యాలయానికి పరిగెత్తాడు. అధికారి కూర్చోబెట్టి, మంచినీళ్లిప్పించి, అంతా విన్నాడు. ఇంత ఓపిగ్గా వినే అధికారులు ఈ రోజుల్లో ఎక్కడున్నారు?

"నీకు అన్యాయం జరిగిందయ్యా. అభ్యంతరం పెట్టుకో. నాలుగో హక్కు చూడు, పద్నాలుగు రోజుల గడువుంది. బోర్డు మీదున్న నంబరుకి ఫోన్ చెయ్యి."

"ఆ నంబరేంటి సార్?"

"బోర్డు మీదే ఉంటుందిగా."

"నేనింకా రాయలేదండీ."

"మరి రాయవయ్యా! రేపు మంత్రిగారొస్తుంటే ఇక్కడ కూర్చుని నీళ్లు తాగుతావేం?"

"రంగులిప్పించండి సార్, ఇప్పుడే రాస్తాను."

"ఒకసారి ఇచ్చాం కదా. మళ్లీ ఇవ్వాలంటే ఖాళీ డబ్బాలు అప్పజెప్పాలి."

డబ్బాలు కూడా వ్యానులోనే ఉన్నాయి. అధికారి సానుభూతితో ఫైలు మూసేశాడు.

చివరికి పెయింటరు భార్యే రంగంలోకి దిగింది. పక్కింట్లో చేబదులు తీసుకుని, రెండు డబ్బాల నీలంరంగు కొనుక్కుని, రొప్పుతూ పార్కింగు గేటు దగ్గరికొచ్చింది. కాపలావాడు ఆపేశాడు. సినిమాహాల్లోకి బయటి తిండి రానివ్వనట్టే ఇక్కడ బయటి రంగులు రానివ్వరట.

"స్థలంలో వాడే రంగు ఏదైనా కంపెనీదే అయ్యుండాలమ్మా. అది మా ఒప్పందంలో ఉంది" అన్నాడు మేనేజరు. "అయినా మీరు ఇబ్బంది పడుతుంటే చూడలేకపోతున్నాను. మా రంగు వాడుకోండి. ఉచితం."

డ్రమ్ము దొర్లించుకొచ్చారు. నేల మీద పార్కింగు గీతలు గీసే రంగు. మూత తీసి చూస్తే తెల్లగా పాలల్లే ఉంది.

"తెల్లబోర్డు మీద తెల్లరంగా?" అన్నాడు పెయింటరు.

"నాణ్యమైనది మాస్టారూ. పదేళ్లు చెక్కుచెదరదు."

పెయింటరు అధికారికి ఫోన్ చేశాడు. అవతల ఫైలు తిరగేస్తున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. "హక్కులు పది. ఎత్తు రెండంగుళాలు. పూతలు రెండు. ఎండకీ వానకీ తట్టుకోవాలి. అంతే. ఏ రంగో ఎక్కడా లేదు. కానియ్యి."

"నలుగురూ చదవొద్దా సార్?"

"చదవాలని కూడా ఎక్కడా లేదయ్యా."

పెయింటరు కుంచె పట్టుకుని నిలబడిపోయాడు. ముప్పయ్యేళ్లలో కనబడని అక్షరం ఒక్కటి రాయలేదతను. భార్య దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"ఏవండీ, పౌరుషానికి పోకండి. రేపు ఆరింటికి వ్యాను లేకపోతే నా తమ్ముడి పిల్లలు ఏం తింటారు? రాసెయ్యండి."

రాసేశాడు. తడి మెరుపు ఆనవాలుగా పట్టుకుని, వాలుతున్న ఎండలో మెడ పక్కకి వంచి రాశాడు. మొదటి పది నిమిషాలు ఉచితం. అడిగితే ఫొటోతో సహా రసీదు ఇవ్వాలి. అభ్యంతరం తేలేదాకా అదనపు రుసుము వెయ్యకూడదు. తాళం వెయ్యకూడదు. అలా తొమ్మిది రాశాడు. ఈ హక్కులు కల్పించినందుకు మంత్రిగారికి కృతజ్ఞతలు చెప్పుకునే హక్కు పదోది. అక్షరాల గుండ్రాలు ఇంత చక్కగా ఎప్పుడూ కుదరలేదు. ఆరేకొద్దీ ఒక్కో హక్కూ మాయమవుతుంటే అతనికి ఏడుపొచ్చింది. అయినా రెండో పూత కూడా వేశాడు.

అయిదున్నరకి అధికారి వచ్చాడు. బోర్డు మీద చెయ్యి పెట్టి తడుముతూ ఒకటి, రెండు, మూడు అని పదిదాకా లెక్కపెట్టాడు. స్కేలుతో అక్షరం ఎత్తు కొలిచాడు. "పనితనమంటే ఇదీ" అని ఫైల్లో సంతకం పెట్టాడు. మేనేజరు అన్నమాట తప్పలేదు. తానే యార్డులోకి వెళ్లి, తాళం తీసి, వ్యాను తలుపు కూడా తెరిచి పట్టుకున్నాడు.

వ్యానులోంచి నీలం డబ్బా చేతికందగానే పెయింటరుకి ప్రాణం లేచొచ్చింది. "సార్, గంట టైమివ్వండి. వీటి మీదే నీలం దిద్దేస్తాను."

"సంతకం పడిపోయింది కదయ్యా. ఇప్పుడు దాని మీద కుంచె పెడితే ప్రభుత్వ ఆస్తిని పాడుచేసినట్టు."

శుక్రవారం ఆరింటికి వ్యాను బావమరిది గుమ్మం ముందుంది. గుడ్లు వేళకి అందాయి. పదింటికి మంత్రిగారొచ్చి తెర లాగారు. తన బొమ్మనీ, పేరునీ, వాటి కింద మచ్చలేని తెలుపునీ తృప్తిగా చూసుకున్నారు.

"గత ప్రభుత్వాల బోర్డులు చూశాం. చీమల బారులాంటి అక్షరాలు! ఇది చూడండి, కళ్లకి ఎంత హాయిగా ఉందో" అన్నారు.

ఓ విలేకరి లేచాడు. "హక్కులెక్కడున్నాయండీ?"

"ఉన్నాయి. మా అధికారి స్వయంగా కొలిచారు." అందరూ చప్పట్లు కొట్టారు.

సోమవారం ఏడింటికి పెయింటరుకి ఫోనొచ్చింది.

"బావా, మళ్లీ తాళమేశారు! నేనొచ్చి ఏడు నిమిషాలే అయింది. గుడ్లింకా వ్యానులోనే ఉన్నాయి."

"ఆరో హక్కు చూపించరా."

"ఏం చూపించను? సున్నం కొట్టిన గోడలా ఉంటేనూ!"

"మంత్రిగారి గడ్డం కింద నుంచి చేత్తో తడుముకుంటూ దిగు. ఆరో వరస నీ నడుం ఎత్తులో తగులుతుంది. రెండు పూతలేశాను. అక్షరాలు ఉబ్బెత్తుగానే ఉంటాయి."

మేనేజరు అక్కడే ఉన్నాడు. "హక్కు ఉంటే నేను కాదననండీ. చదివి వినిపించండి, తీసేస్తాను" అన్నాడు.

బావమరిది చదివింది అయిదో తరగతి. అదీ కళ్లతో. వేలితో చదవడం అదే మొదలు. 'చక్రానికి' దగ్గర వేలు రెండుసార్లు దారి తప్పి అయిదో హక్కులోకి వెళ్లిపోయింది. చివరి అక్షరం పలికేసరికి చొక్కా తడిసిపోయింది. మేనేజరు విని, మెచ్చుకుని, తక్షణం తాళం తీశాడు.

"ఆరో హక్కు మీకు పూర్తిగా వర్తించింది. మొదటి హక్కు ప్రకారం పది నిమిషాలే ఉచితం. మీరు చదవడం మొదలుపెట్టి నలభై నిమిషాలైంది" అని చీటీ చింపి ఇచ్చాడు.

అప్పటికి వంటింటావిడ ఇంకొకడి గుడ్లు దింపించుకుంది. ఇక రావద్దని గుమ్మంలోంచే చెప్పేసింది. "సారీ" అని కూడా అంది పాపం.

కబురు పాకింది. మర్నాటి నుంచీ చీటీ పడ్డ ప్రతి డ్రైవరూ బోర్డు దగ్గర వరసలో నిలబడి, కళ్లు మూసుకుని, తన హక్కు కోసం తడుముకోసాగాడు. గురువారం ఆ ఫొటో పేపర్లో మొదటి పేజీలో పడింది. 'హక్కుల బోర్డును ఆప్యాయంగా స్పృశిస్తున్న వాహనదారులు' అని కింద రాశారు. అది చూసి మంత్రిగారి కళ్లు చెమ్మగిల్లాయట. ఇంతమంది చేతులు పడితే బోర్డు మాసిపోదా, ముఖ్యంగా గడ్డం దగ్గర, అని ఆయనకి దిగులు పట్టుకుంది. బోర్డు మొత్తానికీ అద్దం బిగించమని ఆ పూటే ఉత్తర్వు ఇచ్చారు.

అద్దం మీద ఒక్క మాట రాయడానికి మళ్లీ పెయింటరునే పిలిచారు. ఈసారి ఎర్రరంగు సర్కారే ఇచ్చింది. అక్షరం అడుగెత్తుండాలని, గేటు నుంచి కూడా స్పష్టంగా చదవగలిగేలా ఉండాలని ఫైల్లో ఉందట. పెయింటరు నిచ్చెనెక్కి రాశాడు. పొద్దున్నే వేరే పనేం లేదు కనక బావమరిది వచ్చి కింద నిచ్చెన పట్టుకున్నాడు.

'తాకరాదు' అని రాసి, రంగు ఆరేదాకా ఇద్దరూ గేటు దాకా వెళ్లి నిలబడ్డారు. పెయింటరు సిగ్గుతో తలెత్తలేదు. బావమరిది కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని బోర్డు వంక చూశాడు.

"ఇది మాత్రం చక్కగా కనబడుతోంది బావా" అన్నాడు.