సీసం లేని గది

మా జమ్మలమడుగుకు సీసం పీడ విరగడైపోయింది! చప్పట్లు కొట్టండి.

నమ్మరా? మా ఊరి పక్క ఇంజనీరింగ్ కాలేజీలో కిషోర్ సారు ఎండను కరెంటుగా మార్చే పొర ఒకటి తయారు చేస్తున్నాడు. ఇలాంటి పొరలు సీసం కలిపితేనే బాగా పనిచేస్తాయట. కానీ సీసం విషం. అందుకని ఈయన దాన్ని వెలివేసి, బిస్మత్, అయోడిన్ కలిపి వండుతున్నాడు. బిస్మత్ కూడా బరువైన లోహమే, కాకపోతే మనిషికి పెద్దగా కీడు చేయదట. మానవజాతి మీద ఎంత ప్రేమ!

అంతలో ఘోరం జరిగింది. పరీక్షకు పంపితే పొరలో సీసం కనిపించింది!

దొంగ ఎవరు? ఇంకెవరు, ఊడ్చే మనిషి వెంకటమ్మ! దసరాకు ఆమె ల్యాబులో మిషన్లన్నిటికీ సింధూరం పెట్టింది. సింధూరంలో సీసం ఉంటుందని సారుకు అప్పుడు గుర్తొచ్చింది.

"ఏంది వెంకటమ్మా, నా ఇన్నేండ్ల కష్టానికి బొట్టు పెడ్తివే!"

"ఆయుధపూజకు బొట్టు లేకుండా యాడన్నా మిషను ఉంటాదా సార్? మీ స్కూటరుకు గూడా నేనే పెట్టింటి. అప్పుడు నవ్వుకుంటా పోతిరి గదా!"

తుడిపించారు, కడిగించారు. మళ్లీ పొర వండారు. మళ్లీ సీసం! అప్పుడు కిటికీలోంచి బయటికి చూశారు. చదువుకున్నవాళ్లు అన్నిటికన్నా చివర చూసేది అటే కదా!

కాలేజీ గోడ వెనకే ఆదినారాయణ రేకుల షెడ్డు. పులివెందుల నుంచి ప్రొద్దుటూరు దాకా చచ్చిన ఆటో బ్యాటరీలు, ఇన్వర్టర్ బ్యాటరీలు అన్నీ అక్కడికే వస్తాయి. పగలగొట్టి, లోపలి సీసాన్ని కరిగించి దిమ్మెలు పోస్తారు. పొగ నేరుగా ల్యాబులోకి!

ఇక చూడండి, వ్యవస్థ ఎంత చురుగ్గా కదిలిందో! ఆ పొగ మీద మేం గొంతులు పోయేలా ధర్నాలు చేసినప్పుడు "విచారిస్తాం" అన్న ఆఫీసర్లు జీపులేసుకుని పరుగెత్తుకొచ్చారు. షెడ్డు మూయించారా? ఛీ, అంత మొరటు పని ఎందుకు? కిటికీ మూయించారు! గాలిని వడగట్టే మిషను బిగించారు. ఇచ్చిన దాత ఎవరనుకున్నారు? ఆదినారాయణే! శాలువా కప్పారు. సైన్సుకు ఊపిరి పోసిన మహానుభావుడంటూ ప్రిన్సిపాల్ మైకు వదల్లేదు.

ఇప్పుడా గదిలో గాలి అమృతం. పొర హాయిగా ఉంది.

మొన్న వెంకటమ్మ తన మనవరాలు సుమను వెంటబెట్టుకొచ్చింది. వాళ్ల ఇల్లు షెడ్డుకు ఆనుకునే ఉంటుంది. బడికి పోయే పిల్ల. ఎప్పుడూ కడుపునొప్పి, అన్నం తినదు, నిన్న నేర్చిన అక్షరం ఈరోజు గుర్తుండదు. ఆసుపత్రిలో రక్తం తీసి చూశారు కూడా.

"సార్, నేను ఊడ్చేంతసేపన్నా పాపను ఈడ కూచోబెట్టుకుంటా. ఈడ శానా మంచి గాలి గదా."

సారు ఒప్పుకోలేదు. ఆయన్ని తిట్టకండి. రూలంటే రూలే! తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: సీసం ఉన్నదేదీ లోపలికి తేరాదు.

సుమ రక్తంలో సీసం ఉందని డాక్టర్లే తేల్చారు కదా!