సానుభూతికి పది మార్కులు

మా దీవి పిల్లల మనసులను కొలిచే కార్యక్రమం దిగ్విజయంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఇంతకాలం టోంగాలో పిల్లల ఎత్తూ బరువూ చూసి సరిపెట్టుకునేవాళ్లం. దయ ఎంతుందో, ధైర్యం ఎంతుందో కొలిచే సాధనం లేక, ఉన్నాయిలే అన్న భ్రమలో బతికేశాం. ఆ చీకటిని పారదోలడానికి సముద్రం దాటి డాక్టర్ గ్లెనిస్ దొరసాని దయచేశారు. రాజధానిలోని పెద్ద బడిలో మా దీవికి ఒకటే సీటు. ఇకపై లెక్కలతోపాటు మనసుకూ మార్కులు వస్తేనే అది దక్కుతుంది.

లెక్కల్లో మెలెఆనెకు సాటి లేరు. పెంచింది మేనత్త వైసియోఆ. మా దగ్గర మేనత్త మాటంటే తండ్రి కూడా నోరెత్తడు. సీటు వస్తే ఆ ఇంట్లో పెద్ద చదువు చదివే మొదటి మనిషి ఆ పిల్లే.

పరీక్షనాడు మెలెఆనె ఒంగి లోపలికి వచ్చి, చాప మీద కూర్చుని తల దించుకుంది. పెద్దల కళ్లలోకి చూడడం మావాళ్లకు తలబిరుసు. దొరసాని "ఆత్మవిశ్వాసం: లేదు" అని రాసుకున్నారు. స్నేహితులున్నారా అని అడిగితే పిల్ల కనుబొమలు ఎగరేసింది. మా దేశంలో అవుననడానికి అంతకన్నా శ్రమపడం. "జవాబు లేదు. ముఖంలో అదురు. వైద్యుడికి చూపించాలి" అని రాశారు. బడిపంతులుగా, దుబాసీగా పక్కనే ఉన్న నేను చెప్పి ఉండవచ్చు. కానీ పెద్దలు రాసుకుంటుండగా అడ్డురావడం మర్యాద కాదు గనుక ఊరుకున్నాను.

తర్వాత సానుభూతిలో రాతపరీక్ష. పక్కపిల్ల పెన్సిల్ విరిగి ఏడుస్తుంటే మెలెఆనె తన పెన్సిల్ ఇచ్చేసి చేతులు కట్టుకు కూర్చుంది. సానుభూతి పరీక్షలో పక్కవాళ్లను పట్టించుకోవడం నిబంధనలకు విరుద్ధం. వెంటనే కాగితం లాక్కున్నారు.

ఆక్లాండ్‌లో పెరిగొచ్చిన సియోసాయా మాత్రం కాళ్లు చాపుకుని, ప్రశ్న పూర్తికాకుండానే "నేను పుట్టు నాయకుణ్ణి" అన్నాడు. మనసుకు నూటికి నూరు. పాపం, లెక్కలే ఆ నాయకుడి మాట వినలేదు. సీటు ఖాళీగా మిగిలింది.

మర్నాడు వైసియోఆ, పెద్దల ముందుకెళ్లేటప్పుడు మావాళ్లు కట్టుకునే చాప నడుముకు బిగించుకుని బడికొచ్చింది.

"ఏం పంతులూ, మా పిల్లకి మనసు లేదని రాసిందటగా ఆవిడ? నేను జ్వరంతో పడుంటే కాళ్లు పట్టిందెవరు, నీ తాతా?"

"లేదని కాదక్కా, కనబడలేదు."

"అయితే కనబడేట్టు నేర్పించి ఏడువు!"

దొరసాని లేచి ఉపన్యసించారు: "భావాలను మాటల్లో పెట్టని బాలికకు భావాలున్నాయనడానికి ఆధారం లేదు. ఆధారం లేని దయను మా సంస్థ గుర్తించదు! అయితే శిక్షణ ఇచ్చి మళ్లీ కొలిపించుకోవచ్చు."

శిక్షణ బాధ్యత నాకే అప్పగించారు. కళ్లలోకి చూడడం ముందు పందులతో సాధన చేయించాను, పాస్టరు గారితో ఆ తర్వాత. తనను తాను పొగుడుకోవడానికి పిల్లకు మొదట్లో నోరు తిరగలేదు గానీ, వారం తిరిగేసరికి ఆపడం కష్టమైంది. ఎదుటివాళ్లకు కష్టమొస్తే సూటిగా చూస్తూ "నీ బాధ నాకు అర్థమవుతోంది" అనాలి. పూర్తి వాక్యమైతే పది మార్కులు. మెలెఆనె తెలివైన పిల్ల, ఇట్టే పట్టేసింది. రెండోసారి కొలిచినప్పుడు దొరసాని కళ్లు చెమర్చాయి. సీటు మాదైంది.

ఓడెక్కే రోజున ఊరంతా రేవుకు వచ్చింది. హాస్టల్లో పిల్ల ఆకలికి తట్టుకోలేదని వైసియోఆ పెండలం దుంపల బస్తా భుజానికెత్తుకుని ముందు నడుస్తోంది. తడి చెక్క మీద కాలు జారి, బస్తాతో సహా బోర్లా పడింది.

మెలెఆనె ఆగింది. అత్త కళ్లలోకి సూటిగా చూసింది.

"నీ బాధ నాకు అర్థమవుతోందత్తా" అని, ఓడెక్కింది.

ఒక్క అక్షరం తప్పలేదు. గర్వంతో అందరం చప్పట్లు కొట్టాం. చేతులు ఖాళీ లేక ఆవిణ్ణి ఎవరమూ లేపలేదు.