హలో అననివాడు లేనట్టే

"అయ్యో, అల్లుడుగారికి కాలు పడిపోయిందే!"

మా అత్తగారు పెట్టిన ఆ కేకకి వంటింట్లో మా ఆవిడ చేతిలోని గిన్నె, హాల్లో నా చేతిలోని ఫోను ఒకేసారి కిందపడ్డాయి.

నేనన్నది "ప్రోటోకాల్ పడిపోయింది" అని. బ్రాంచి ఆఫీసు ఇంజనీరుతో ఫోన్లో అన్నాను. అత్తగారి చెవి దగ్గర 'ప్రోటో' గడప బయటే ఆగిపోయి, 'కాలు' ఒక్కటే లోపల పెట్టింది. ఆవిడ నూనె వెచ్చబెట్టి తెచ్చి నా పాదం అందుకోబోయారు. అత్తగారి చేత కాళ్ళు పట్టించుకున్న అల్లుడిగా పేరు మోసేలోపు చటుక్కున వెనక్కి లాక్కున్నాను.

"మరి పడిపోయిందేమిటి బాబూ?"

మూడు రోజులుగా సరైన నిద్రలేని మనిషి చెప్పగలిగినంత చెప్పాను. మా కంపెనీకి పది ఆఫీసులు, ఒక్కోదానికీ ఒక రూటర్. ఏ కబురు ఏ దారిన పోవాలో మనం రాసిపెట్టక్కర్లేదు, ఆ పెట్టెలే ఒకదానికొకటి చెప్పుకుంటాయి, ఆ మాటల కట్టుబాటే ప్రోటోకాల్. పది సెకన్లకోసారి పక్కదానికి "హలో" అంటాయి. కాసేపు అవతలినుంచి హలో వినపడకపోతే అది పోయిందనుకుని, దారులన్నీ మళ్ళీ లెక్కవేసుకుని, భారం తక్కువున్న దారి పట్టుకుంటాయి.

"పలకరింపు లేకపోతే పోయినట్టేనా! మా అక్కయ్య మాట్లాడి ఆర్నెల్లయింది" అంటూ అత్తగారు కంగారుగా ఫోను వెతుక్కున్నారు.

తొమ్మిది ఆఫీసుల్ని ఈ డైనమిక్ రూటింగ్ పద్ధతిలోకి మార్చేశాను. పదోదే మొండికేసింది. హెడ్డాఫీసు రూటరూ ఆ బ్రాంచి రూటరూ ఒకే తీగకి చెరో చివరా కూర్చుని, పెళ్ళయిన పదిహేనేళ్ళకి మేమిద్దరం సోఫాలో కూర్చున్నట్టు, ఒకదాన్నొకటి గుర్తించనే లేదు. తీగ మార్చాను. పెట్టె మార్చాను. లైను కంపెనీవాళ్ళని తిట్టాను. ఆఖరికి రూటర్ని బతిమాలాను.

అవతల బ్రాంచిలో ఉన్న ఇంజనీరుకి నేను పెట్టిన పేరు 'అవునండి'. "లైటు వెలుగుతోందా?" అంటే "అవునండి." "ఆరిపోయిందా?" అంటే "అవునండి."

నాకు కావలసింది ఒక్కటే. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటిదాకా నిద్ర. తప్పు ఎక్కడుందో ఆ తరవాత తేటపడ్డ బుర్రతో వెతుక్కోవచ్చు.

దానికి అడ్డు ఆఫీసు కాదు, ఇల్లు. మా ఇంట్లో ఏ పనికి దారి తెలియకపోయినా అది నా దగ్గరికే వస్తుంది. కుళాయి కారితే నేను. అత్తగారి కళ్ళజోడు విరిగితే నేను. అమ్మాయి సైకిల్లో గాలి పోతే నేను. నాలో గాలి పోతే మాత్రం ఎవరూ లేరు.

అందుకని శనివారం భోజనాల దగ్గర ప్రకటించాను. "రేపట్నుంచి మన ఇంట్లో కూడా డైనమిక్ రూటింగ్."

"అంటే మీరు డైనమిక్‌గా తయారవుతారా?" అంది మా ఆవిడ. ఆవిడ సిటీ బస్సుల డిపోలో కంట్రోలరు. నూటనలభై బస్సుల్ని మైకు పట్టుకుని నడిపిస్తుంది. నాకు కనుబొమ్మ చాలు.

"విను. ఇంటి వాట్సాప్ గ్రూపులో అరగంటకోసారి అందరూ హలో పెట్టాలి. పక్కన ఎవరి భారం వాళ్ళు రాయాలి, ఒకటి నుంచి వందలోపు. అంకె తక్కువున్నవాళ్ళకి పని. గంటసేపు హలో అననివాడు లేనట్టే. వాడి పని వేరే దారిన పోతుంది."

"మీ అంకె?"

"తొంభై తొమ్మిది. ఆఫీసు గొడవ తెలుసుగా."

"పాపం, వంద వేసుకోలేకపోయారా?"

"మరీ అన్యాయంగా ఉంటుందని."

ఆవిడ నవ్వి "సరే" అంది. పదిహేనేళ్ళ కాపురంలో ఆవిడ వాదించకుండా ఒప్పుకున్నది ఏదీ నాకు కలిసిరాలేదు. అక్కడే మేలుకోవలసింది. కానీ నాకున్న జబ్బే మెలకువ.

ఆదివారం తిని పడుకుంటే గిన్నెలు నావైపు నడిచొస్తాయని, తినకుండానే మంచమెక్కాను. ఫోను నోరు నొక్కేశాను. ఒంటిగంటకి ఆఖరి హలో పెట్టి కళ్ళు మూశాను.

ఎవరో తల కింద తలగడ లాగారు. తల మంచానికి కొట్టుకుంది. ఎదురుగా మా అమ్మాయి.

"నువ్వు లేవుగా నాన్నా. హలో పెట్టి గంట దాటింది. నీ తలగడ నాకు రూటయింది."

"నా భోజనం?"

"పైఇంటి అంకుల్‌కి. అమ్మమ్మ పిలవగానే ఆయన హలో అన్నాడు."

"ఫ్రిజ్‌లో నాకోసం దాచుకున్న కేకు ముక్క?"

"నా భారం తక్కువ నాన్నా" అంది, మూతి తుడుచుకుంటూ.

ఆకలితో హాల్లోకి వచ్చేసరికి మా ఆవిడ స్పీకర్ పెట్టి మాట్లాడుతోంది. నా ఫోను పలక్కపోయేసరికి 'అవునండి' ఆవిడకి చేశాడట.

"మీ వైపు హలో ఎన్ని సెకన్లకి బాబూ?"

"ముప్ఫై అండి."

వాడి నోట వేరే మాట వినడం నాకదే మొదలు.

"హెడ్డాఫీసు వైపు?"

"పదండి."

ఎక్కడికో వెళ్ళాలనుకుని అత్తగారు చెప్పులు వేసుకున్నారు.

"ఒక రూటుకి రెండు చివర్లా రెండు టైం టేబుళ్ళా? మా డిపోలో ఈ పని చేస్తే ప్రయాణికులు నన్నే బస్సు కింద పెడతారు. ఆ ముప్ఫై ఎవరు పెట్టారు?"

"సారే అండి. బుధవారం సాయంత్రం. ఈ హలోల గోల మరీ ఎక్కువైంది, తగ్గించు అని మావైపు మార్పించారండి."

అప్పుడు గుర్తొచ్చింది. రెండోవైపు టీ తాగొచ్చి మారుద్దామనుకున్నాను. టీ తాగాను. టైములు కలవకపోతే ఆ పెట్టెలు పరిచయమే చేసుకోవని కొత్తవాళ్ళకి పాఠం చెప్పేది నేనే! మూడు రోజులు తీగనీ, పెట్టెనీ, లైనువాణ్ణీ అనుమానించాను. వేలు నావైపు ఒక్కసారీ తిప్పలేదు.

"పది చేసెయ్యి బాబూ" అంది ఆవిడ.

అవతల కీబోర్డు టకటకలాడింది. "కలిశాయి మేడం! కలిసిపోయాయి!"

"హమ్మయ్య, ఇక పడుకుంటా" అని వెనక్కి తిరిగాను.

"ఆగండి. పోయిందనుకున్న రూటర్ తిరిగొస్తే ఏం చేస్తారు?"

నేను పడగ్గది వైపు ఇంకో అడుగేశాను. ఆవిడ ఫోన్లో అడిగింది. "దారులన్నీ మళ్ళీ లెక్కేస్తారు కదూ?"

"అవునండి."

"ఈయనకి ఆఫీసు గొడవ తీరిపోయింది. గంట నిద్ర కూడా అయింది. ఇప్పుడు ఈయన భారం ఒకటి వెయ్యొచ్చా?"

"అవునండి."

ద్రోహి.

కళ్ళజోడు జేబులో, చెత్తసంచి ఒక చేతిలో, సైకిలు రెండో చేతిలో పెట్టుకుని మెట్లు దిగుతుంటే మేనేజరు ఫోను. చేతులు ఖాళీ లేక స్పీకర్ నొక్కాను.

"కాలెలా ఉందయ్యా? మధ్యాహ్నం ఇంటి నంబరుకి చేస్తే కాలు పడిపోయి పడుకున్నారని మీ అత్తగారన్నారు. నాలుగు రోజులు సెలవు రాశాను."

నాలుగు రోజులు! పైకి చూశాను. మెట్ల చివర అత్తగారు నిలబడి ఉన్నారు. "ఆ ప్రోటో ఏదో నాకు నోరు తిరగలేదు బాబూ. కాలు ఒక్కటే అన్నాను. మిమ్మల్ని లేపకూడదనే."

ఆవిడ పక్కన కనుబొమ్మ ఎత్తిన మా ఆవిడ. తలగడతో మా అమ్మాయి. ఇంకో మెట్టు పైన, నా భోజనం తిని తేన్చుతూ పైఇంటాయన. అందరూ నేనేం చెబుతానా అని చూస్తున్నారు.

"పడిపోయింది కాలు కాదు సార్, ప్రోటోకాల్" అన్నాను. "లేచింది కూడా."

"శభాష్! తప్పెక్కడ దొరికింది?"

సైకిలు గోడకి ఆనించాను. "హలో టైము ఒకవైపే మార్చి మర్చిపోయారు సార్."

"ఎవరా తెలివైనవాడు?"

"ఆయనే అండి" అన్నారు అత్తగారు. ఈసారి ఆవిడకి అంతా స్పష్టంగా వినపడింది.

"అయితే సెలవు కొట్టేస్తున్నా. రేపు తొమ్మిదింటికల్లా రా."

ఫోను పెట్టేశాడు. పైనుంచి మా ఆవిడ గొంతు. "ఏవండీ, అరగంట కావస్తోంది."

సంచి కింద పెట్టి, గ్రూపు తెరిచి రాశాను: "హలో. భారం ఒకటి."