బాబెలా ఉన్నాడు?

పొద్దున ఆరింటి రైలుకి ఉషశ్రీ తెనాలి నుంచి బాపట్ల ప్రయాణమైంది. లెక్చరర్ ఉద్యోగానికి పరీక్ష. వయసు దాటిపోతోంది కనక ఇదే ఆఖరి అవకాశం. చూస్తే పది నెలల బాబుకి నిన్నటినుంచి వాంతులు, విరేచనాలు. మానేస్తానని ఆమె, నేనున్నానుగా అని భర్త శశిధర్ కాసేపు వాదించుకుని, చివరికి అతనే గెలిచాడు. దుగ్గిరాల పసుపు యార్డులో గుమాస్తా అతను. సెలవు పెట్టేశాడు.

డాక్టరుగారు చెప్పినవన్నీ అతనికి కంఠతా వచ్చు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఓఆర్ఎస్ ప్యాకెట్టు మొత్తం కలపాలి. చెంచా చెంచాగా పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి మళ్లీ మొదలుపెట్టాలి. పాలు మానకూడదు.

"ఆరు గంటలు ఉచ్చ పొయ్యకపోతే వెంటనే తీసుకెళ్లాలండి, మర్చిపోకండి" అంది ఉషశ్రీ గుమ్మంలో.

"మర్చిపోవటానికి నేనేమన్నా చంటిపిల్లాణ్నా? నువ్వెళ్లి పరీక్ష రాసుకో."

వంటింట్లో నీళ్లు, చెంచాలు అతని వంతు. బాబుని ఒళ్లో పెట్టుకోవడం అతని తల్లి ఝాన్సీలక్ష్మి వంతు. అరగంటకోసారి అతను గ్లాసుతో వచ్చి పట్టడం, గోచీ తడిమి చూడడం. ఎప్పుడు చూసినా పొడిగానే ఉంది. తొమ్మిదింటికి అనుమానం వచ్చి అడిగాడు.

"అమ్మా, పోశాడా?"

ఆవిడ అటూ ఇటూ చూసింది. "ఏం పొయ్యటంరా నాయనా! ఎక్కడిది?"

అంతలో పక్కింటి స్వర్ణలత గోడమీంచి తొంగి చూసింది. "బాబెలా ఉన్నాడు పిన్నిగారూ?"

"ఏం చెప్పనమ్మా, చెంచాడు నీళ్లు దిగట్లేదు. వేలాడిపోతున్నాడు."

శశిధర్ గ్లాసు కింద పెట్టి బాబుకేసి చూశాడు. ఇప్పుడే కదా తన చేత్తో పది చెంచాలు పట్టాడు! వేలాడిపోతున్నవాడు చెంచా కొరికి కిలకిలా నవ్వుతాడా? నీరసం ముదిరితే అలాగే నవ్వుతారేమో. అమ్మ ముగ్గుర్ని పెంచింది, తనకేం తెలుసు? కొడుకు ముఖం పాలిపోవడం చూసి ఝాన్సీలక్ష్మికి అనుమానం పట్టుకుంది. డాక్టరు వీడితో చాటుగా ఏదో చెప్పే ఉంటాడు! ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. అది చూసి శశిధర్‌కి ఉన్న కాస్త ధైర్యం కూడా జారిపోయింది.

పదకొండింటికి రేపల్లె నుంచి మేనమామ ప్రకాశరావు ఫోను. "ఏంట్రా శశీ, అక్కయ్య చెప్పింది, బాబు కళ్లు కూడా తెరవట్లేదంటగా? తల్లి దగ్గరుండాలిరా. ఆ పరీక్ష కాలేజీలో మన శ్రీనివాసు తమ్ముడున్నాడు. అమ్మాయిని పంపించెయ్యమని చెప్తున్నా!"

"వద్దు మావయ్యా! దానికిదే ఆఖరి..." అంటుండగానే అవతల ఫోను పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎంగేజ్.

పన్నెండు కొట్టింది. ఆరు గంటలూ అయిపోయాయి. అతను ఆటో పిలిచాడు. దారిపొడుగునా తల్లి ఏడుస్తుంటే, ఇటు బాబూ పోయి, అటు ఉషశ్రీ ఉద్యోగమూ పోయి తను ఏ ముఖంతో బతకాలో అతనికి అర్థం కాలేదు.

డాక్టరుగారు బాబు కళ్లు, నాలుక చూశారు. పొట్ట మీద చర్మం పట్టి వదిలారు. "ఆఖరిసారి ఉచ్చ ఎప్పుడు పోశాడు?"

"పొద్దున్నుంచి ఒక్కసారి కూడా లేదండి" అన్నాడు శశిధర్.

"ఐదుసార్లండి" అంది ఝాన్సీలక్ష్మి. "ఆరోది ఆటోలో, నా చీర మీద. ఎప్పటికప్పుడు గోచీ మారుస్తూనే ఉన్నానండి."

శశిధర్ నోరు తెరిచాడు. "మరి అడిగితే లేదన్నావేంటమ్మా!"

"పసివాడు బాగున్నాడని నోటితో అంటారట్రా? దిష్టి తగలదూ? గోడ అవతల స్వర్ణలత నుంచునుందాయె."

"నా చెవిలో చెప్పొచ్చుగా!"

"కన్నవాళ్ల దిష్టే ముందు తగిలేది."

"మరి ఆటోలో ఎందుకేడ్చావు?"

"నువ్వట్టా బిక్కచచ్చిపోతే నిజంగానే ఏదో అయిందనుకున్నా."

డాక్టరుగారు నవ్వాపుకున్నారు. "బాబు బాగున్నాడు. ఇలాగే పట్టండి. కానీ పెద్దమ్మగారూ, జబ్బు సంగతి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలండి." ఆవిడ బుద్ధిగా తలూపింది.

శశిధర్‌కి బాబుని గుండెకి హత్తుకుని ఏడవాలనిపించింది. వెంటనే పరీక్ష గుర్తొచ్చి, వేరే రకంగా ఏడవాలనిపించింది.

మూడున్నరకి ఉషశ్రీ వచ్చేసరికి అతను వీధి అరుగు మీద దోషిలా నిలబడి ఉన్నాడు. "సగంలో లేచొచ్చేశావా?"

"ఎందుకు? మొత్తం రాశాను. మధ్యలో ఎవరో వచ్చి, మీ బాబుకి ప్రమాదంగా ఉందట, వెళ్లిపోమ్మా అన్నాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఎవరు చెప్పారండీ అనడిగా. మీ అత్తగారట అన్నాడు. హమ్మయ్య అనుకుని కూర్చుని రాసుకున్నా."

 ఆ ఇంట్లోనే పుట్టి ముప్పై మూడేళ్లు పెరిగినా శశిధర్‌కి తెలియని సంగతి, మూడేళ్ల క్రితం కాపురానికొచ్చిన పిల్లకి తెలుసు.

లోపల్నుంచి ఝాన్సీలక్ష్మి మనవణ్ని ఎత్తుకుని వచ్చింది.

"ఎలా ఉన్నాడత్తయ్యా?"

డాక్టరుగారి మాట తలుచుకుని, ఉన్న ధైర్యమంతా కూడదీసుకుని ఆవిడ తన జన్మలో మొదటిసారిగా ఇంట్లోవాళ్లకి పసివాడి గురించి నిజం చెప్పింది. "చాలా బాగున్నాడమ్మా. హాయిగా ఆడుకుంటున్నాడు."

ఉషశ్రీ ముఖంలో నెత్తురుచుక్క లేదు. బ్యాగు అక్కడే పడేసి, బాబుని లాక్కుని, "ఏమండీ, ఆటో పిలవండి! త్వరగా!" అంది.

ఆ సాయంత్రం డాక్టరుగారు బాబుని రెండోసారి చూసి, మొదటిసారి చెప్పిందే చెప్పారు.