స్మృతి గదిలో పన్నెండో మేకు

ఇంద్రధనుస్సు సంఘం తన కార్యాలయం మేడ మీది గదిని, మరణించిన ట్రాన్స్ సభ్యుల స్మృతి గదిగా తీర్చిదిద్దిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. పదకొండు ఫోటోలు, పదకొండు దండలు. ఫోటోలకు చెమ్మ తగలకుండా ఏసీ రాత్రింబవళ్ళు నడుస్తుంది. ఆనుకుని స్నానాల గది కూడా ఉంది. నీళ్ళు రావడం లేదని అమరులెవరూ ఇంతవరకు ఫిర్యాదు చేయలేదు.

"ట్రాన్స్ అక్కచెల్లెళ్ళే మన ఉద్యమానికి ప్రాణం!" అని ప్రారంభోత్సవంలో అధ్యక్షులవారు కళ్ళు తుడుచుకున్నారు. గే సభ్యులూ లెస్బియన్ సభ్యులూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ ప్రాణం, అంటే టైలరక్క, కుర్చీ దొరక్క చెప్పుల స్టాండు పక్కన నిలబడి తనూ చప్పట్లు కొట్టింది.

ఇరవయ్యేళ్ళుగా ప్రతి ఊరేగింపులోనూ ముందు వరుస ఆవిడదే. లాఠీ దెబ్బ కూడా వరుస ప్రకారం ముందు ఆవిడకే తగిలేది. ఇప్పుడు ఇంటి యజమాని ఒకటో తారీఖుకల్లా ఖాళీ చేయమన్నాడు. కుట్టుపని మానుకుని పది రోజుల్లో పద్నాలుగు గుమ్మాలెక్కింది. "మాకేం అభ్యంతరం లేదమ్మా, పక్కింటివాళ్ళే ఒప్పుకోరు" అన్నారు అందరూ. పక్కింటికెళ్తే వాళ్ళూ వాళ్ళ పక్కింటివాళ్ళనే చూపించారు. ఆవిడకి భయం పట్టుకుంది. ఈ వయసులో మిషను నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోవాలి?

చివరికి సంఘం కార్యదర్శిని అడిగింది. "మేడ మీద ఓ మూల పడుంటాను తమ్ముడూ. ఇల్లు దొరికేదాకానే. ఆ పదకొండు మందితో నాకేం ఇబ్బంది లేదు, అందరూ తెలిసినవాళ్ళే."

మగవాణ్ణి ప్రేమించాడని తండ్రి మెడపట్టి గెంటినప్పుడు, కార్యదర్శి ఎనిమిది నెలలు ఆవిడ గదిలోనే తలదాచుకున్నాడు. ఆ సంగతి ఆయన మరిచిపోలేదు. ప్రతి ఇంటర్వ్యూలోనూ గుండె కరిగేలా చెబుతాడు.

కమిటీ మూడు గంటలు చర్చించింది. బతికున్న మనిషి మసిలితే గది గాంభీర్యం దెబ్బతింటుందని కోశాధికారి ఆవేదన చెందారు. ముందు మన పెళ్ళిళ్ళకు చట్టం రానివ్వండి, ట్రాన్స్ వాళ్ళ ఇళ్ళ సంగతి తరువాతి దశలో చూద్దామని ఉపాధ్యక్షురాలు ఓదార్చారు. "ఈ వీధిలో ఇప్పుడిప్పుడే మనల్ని మర్యాదస్తులంటున్నారు" అని అధ్యక్షులవారు గుర్తుచేశారు. ఆ మాటతో చర్చ ముగిసింది.

అయినా సంఘానికి కృతజ్ఞత లేకపోలేదు. టైలరక్కకు ఆ గదిలో శాశ్వత స్థానం కల్పిస్తూ ఏకగ్రీవంగా తీర్మానించింది. మర్నాడే గోడకు పన్నెండో మేకు కొట్టారు. కార్యదర్శి ఫోటోగ్రాఫర్‌ని వెంటబెట్టుకుని ఆవిడ ఇంటికి తనే వచ్చాడు.

"కిటికీ పక్క చోటు నీకే ఇవ్వాలని పోట్లాడానక్కా. కొంచెం నవ్వు."

"ఆ మేకుకి ఎక్కేదాకా ఎక్కడుండమంటావురా?"

ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది. "ఆ అంశం అజెండాలో లేదక్కా" అన్నాడు.

ఆవిడ నవ్వలేదు, ఫోటో తీయించుకోలేదు. చెప్పులేసుకుని పదిహేనో గుమ్మానికి బయల్దేరింది. ఈ సంఘంవాళ్ళు ఎంత సిగ్గులేనివాళ్ళో అని మీరు ఇందాకటి నుంచి నవ్వుకుంటూనే ఉన్నారు. ఆ పదిహేనోది మీ ఇల్లే. అద్దెకివ్వబడును అని గేటుకు మీరే బోర్డు కట్టారు. ఆవిడ రెండుసార్లు బెల్లు కొట్టింది. మీరు కిటికీలోంచి చూసి, టీవీ సౌండు తగ్గించి, ఆవిడ మెట్లు దిగేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.